పిల్లల్ని ఒంటరిగా బడికి నడిపించొచ్చా? కిలోమీటర్లు కాదు, దారిలో ఏముందో చూడాలి

విజయవాడ గుణదలలో ఒక ఇల్లు అనుకుందాం. నాన్న ఉదయం ఏడింటికే పనికి వెళ్లిపోతారు. ఎనిమిదిన్నరకల్లా అమ్మ కూడా డ్యూటీలో ఉండాలి. నిన్నటిదాకా పాపను బడికి దింపిన తాతయ్య ఊరెళ్లారు. ఆటో మాట్లాడితే నెలనెలా ఖర్చు. బడి చూస్తే ముప్పావు కిలోమీటరే. నాలుగో తరగతికి వచ్చిన పాప మాత్రం ‘నేనొక్కదాన్నే నడిచి వెళ్తా’ అంటోంది.

పంపొచ్చా, వద్దా?

ఏటా జూన్‌లో బడులు తెరవగానే చాలా ఇళ్లలో ఇదే చర్చ. ‘మా రోజుల్లో మూడు కిలోమీటర్లు పొలాలకు అడ్డంపడి నడిచేవాళ్లం’ అని ఇంట్లో పెద్దలు అంటారు. ‘ఈ రోజుల్లో ఎవర్ని నమ్ముతాం’ అని పక్కింటివాళ్లు అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే ఆ రెండింటిలో దేనికీ మీ దారి సంగతి తెలియదు.

సాధారణంగా మనం అడిగే ప్రశ్నలు రెండే. బడి ఎంత దూరం? పిల్ల వయసెంత? నిర్ణయం తీసుకోవడానికి ఈ రెండూ చాలవు. ఆ దారిలో అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు ఏది, అక్కడ మీ పిల్ల సొంతంగా నెగ్గుకురాగలదా, వానాకాలంలోనూ ఆ దారి ఇలాగే ఉంటుందా అన్నవి అసలు ప్రశ్నలు. వాటికి జవాబులు ఎలా వెతుక్కోవాలో, చట్టం ఏం చెబుతోందో, దారి బాగోలేకపోతే ఎవరిని అడగాలో చూద్దాం.

చట్టం ఏం చెబుతోంది?

పిల్లలు ఒంటరిగా బడికి నడవడానికి ఇంత వయసు ఉండాలని మన దేశంలో ఏ చట్టమూ నిర్ణయించలేదు. ఆ నిర్ణయం తల్లిదండ్రులదే.

దూరం విషయంలో మాత్రం నిబంధన ఉంది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నివాసానికి దగ్గర్లో బడి ఉండేలా చూడాల్సింది ప్రభుత్వం, స్థానిక సంస్థలేనని అది చెబుతుంది. దాని నిబంధనల ప్రకారం 1 నుంచి 5 తరగతులకు బడి ఒక కిలోమీటరు నడక దూరంలో ఉండాలి. 6 నుంచి 8 తరగతులకైతే మూడు కిలోమీటర్లు.

చాలామందికి తెలియని అంశం ఇంకొకటి ఉంది. వరద ముప్పు ఉన్నచోట, రోడ్డు సరిగా లేనిచోట, ఇంటి నుంచి బడికి వెళ్లే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉన్నచోట ఈ దూరాన్ని తగ్గించి, ఆ ప్రమాదం తప్పేలా బడిని ఏర్పాటు చేయాలని కేంద్రం 2010లో రూపొందించిన నమూనా నిబంధనలు చెబుతున్నాయి. అంటే కిలోమీటరు అనేది గుడ్డి లెక్క కాదు. దారిలో ప్రమాదం ఉంటే ఆ లెక్క మారాలి. దగ్గర్లో బడి లేని చిన్న ఆవాసాల పిల్లలకు ఉచిత రవాణా లాంటి ఏర్పాటు చేయాలని కూడా అదే నిబంధనలో ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ చర్చ మూడేళ్లపాటు గట్టిగా నడిచింది. 2022 జూన్‌లో ఇచ్చిన జీవో 117తో చాలాచోట్ల 3, 4, 5 తరగతులను ప్రాథమిక బడుల నుంచి దగ్గర్లోని ఉన్నత పాఠశాలలకు మార్చారు. ఆ జూలైలో బడులు తెరిచాక పలు ఊళ్లలో తల్లిదండ్రులు ధర్నాలకు దిగారు. కాగితం మీద దూరం కిలోమీటరు లోపే ఉండొచ్చు, మధ్యలో పెద్ద రోడ్డు ఉంటే ఎనిమిదేళ్ల పిల్లను ఎలా పంపాలన్నది వారి ప్రశ్న. 2025లో ప్రభుత్వం ఆ జీవోను ఉపసంహరించుకుని కొత్త పాఠశాలల వ్యవస్థను తెచ్చింది. జీవో పోయింది, ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

వేరే దేశాల్లో ఎలా ఉందంటే, ఇంగ్లండ్‌లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు రెండు మైళ్లు (సుమారు 3.2 కి.మీ.), ఆపై వయసువారికి మూడు మైళ్లు (సుమారు 4.8 కి.మీ.) నడక దూరంగా లెక్కిస్తారు. అంతకు మించితే స్థానిక కౌన్సిల్ ఉచిత రవాణా కల్పించాలి. దూరం తక్కువే అయినా దారి క్షేమం కాదని తేలితే అప్పుడూ కల్పించాలి. అయితే అక్కడ దారిని అంచనా వేసేటప్పుడు అవసరమైతే పెద్దవాళ్లు తోడుంటారనే అనుకుని చూస్తారు. అధికారులు క్షేమమైన దారి అన్నారంటే ఒంటరి పిల్లకు కూడా క్షేమమని అర్థం కాదు. ఇక్కడైనా, అక్కడైనా ఆ తేడాను తల్లిదండ్రులే గుర్తించాలి.

ఏ వయసుకు రోడ్డు దాటడం వస్తుంది?

పిల్లలకు కాళ్లు త్వరగా వస్తాయి. రోడ్డును అంచనా వేసే చూపు ఆలస్యంగా వస్తుంది.

లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం ఒక ముఖ్యమైన విషయం చెప్పింది. గంటకు 20 మైళ్లు, అంటే సుమారు 32 కి.మీ. కంటే వేగంగా తమవైపు వచ్చే వాహనాన్ని ప్రాథమిక బడి వయసు పిల్లలు సరిగా పసిగట్టలేకపోవచ్చు. బండి దగ్గరవుతోందనడానికి కంటికి అందే గుర్తు దాని ఆకారం పెద్దదవుతూ ఉండటమే. వేగంగా వచ్చే బండి విషయంలో ఆ మార్పును గుర్తించే శక్తి పిల్లల్లో ఇంకా పూర్తిగా ఏర్పడదు. పిల్ల రెండువైపులా చూసే ఉంటుంది. చూసినా బండి ఆగి ఉన్నట్టో, ఇంకా దూరంగా ఉన్నట్టో అనిపిస్తుంది. కాబట్టి ‘చూసుకుని దాటమని చెప్పాను కదా’ అన్న మాట చిన్నపిల్లల విషయంలో సరిపోదు.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం 2017లో ఇంకో అధ్యయనం ప్రచురించింది. తెరల మీద నిజమైన రోడ్డులాంటి దృశ్యాన్ని చూపించి, గంటకు 25 మైళ్ల వేగంతో వస్తున్న వాహనాల మధ్య పిల్లల్ని దాటమన్నారు. ఆరేళ్ల పిల్లలు దాటిన సందర్భాల్లో 8 శాతం వాహనం తగిలే పరిస్థితి వచ్చింది. ఎనిమిదేళ్లవారిలో అది 6 శాతం, పదేళ్లవారిలో 5 శాతం, పన్నెండేళ్లవారిలో 2 శాతం. పద్నాలుగేళ్ల పిల్లలు మాత్రం పెద్దవాళ్లలాగే దాటారు. చిన్నపిల్లలు సందు దొరికిన క్షణానే అడుగు వేయలేకపోవడం కూడా ఒక కారణమని పరిశోధకులు గుర్తించారు. మనసులో నిర్ణయించుకుని కాలు కదిపేలోపు సందు సగం అయిపోతుంది.

దీన్ని మన రోడ్డు మీద లెక్కేసి చూద్దాం. రెండు వరుసల రోడ్డు వెడల్పు సుమారు 7 మీటర్లు. పిల్ల సెకనుకు మీటరు నడుస్తుందనుకుంటే దాటడానికి 7 సెకన్లు కావాలి. గంటకు 40 కి.మీ. వేగంతో వచ్చే బైకు ఆ 7 సెకన్లలో సుమారు 78 మీటర్లు వచ్చేస్తుంది. 60 కి.మీ. వేగంతో వచ్చే కారైతే దాదాపు 117 మీటర్లు. అంటే పిల్ల అడుగు వేసే ముందు కనీసం అంత దూరం రోడ్డు ఖాళీగా కనబడాలి. ఆగి ఉన్న ఆటో, మలుపు, చెట్టు, ఫ్లెక్సీ... ఏది అడ్డొచ్చినా అంత దూరం కనబడదు. నాలుగడుగుల ఎత్తున్న పిల్లకు మీకంటే ఇంకా తక్కువ కనబడుతుంది.

ఇది ఊరికే భయపెట్టే లెక్క కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది పాదచారులే. ఢీకొన్న వేగం గంటకు 50 నుంచి 65 కి.మీ.కు పెరిగితే పాదచారి మరణించే ముప్పు నాలుగున్నర రెట్లు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

వీటన్నిటినీ కలిపి చూస్తే ఒక మోటు సూత్రం తేలుతుంది. పెద్ద రోడ్డు దాటాల్సిన పనిలేని చిన్న వీధి దారిలో ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు సాధనతో నడవగలరు. బళ్లు ఆగకుండా వేగంగా పోయే రోడ్డును, సిగ్నలో మనిషి సాయమో లేకుండా దాటాలంటే పన్నెండేళ్లు దాటినవారికి కూడా జాగ్రత్త అవసరం. ఇది సగటు లెక్క మాత్రమే. మీ పిల్ల సంగతి మీరు పక్కనే నడిచి చూస్తేనే తెలుస్తుంది.

గుణదల దారుల్లో ప్రత్యేకత ఏమిటి?

గుణదలలో నగరం, పల్లె కలిసే ఉంటాయి. ఒకవైపు మేరీమాత కొండ, కొండవాలు మీద ఇళ్లు, వాటికి మెట్ల దారులు. ఇంకోవైపు ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరి వచ్చే ఏలూరు కాలువ. హౌరా–చెన్నై ప్రధాన రైలు మార్గంలో గుణదల స్టేషను. ఇంకాస్త ముందుకెళ్తే రామవరప్పాడు రింగు, పదహారో నంబరు జాతీయ రహదారి. ఆ రహదారి వెంట ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు దాటుతుంటే పొలాలు, డొంకలు, కాలువ గట్లు మొదలవుతాయి. అటు నున్న వైపు వెళ్లినా అంతే. కాబట్టి ఒకే కిలోమీటరులో పిల్లకు సందు, కాలువ వంతెన, రైలు పట్టాలు, పెద్ద రోడ్డు అన్నీ ఎదురుకావచ్చు.

*కాలువ గట్టు.* డెల్టాలో బడులు, కాలువలు దాదాపు ఒకే సమయంలో తెరుచుకుంటాయి. బడి గంట జూన్ రెండో వారంలో మోగుతుంది. సార్వా సాగుకు కాలువల్లోకి నీళ్లు జూన్, జూలై నెలల్లో వస్తాయి. వేసవి సెలవుల్లో మీరు చూసి ‘పర్వాలేదు’ అనుకున్న ఎండిన కాలువ, పిల్ల నడిచే నాటికి నిండుగా పారుతుంటుంది. గుర్రపుడెక్క కమ్మేసిన చోట నీళ్లు నేలలా పచ్చగా కనిపిస్తాయి. బంతి పడిందనో, పువ్వు కనిపించిందనో కాలు పెడితే అంతే. రెయిలింగ్ లేని గట్టు మీద ట్రాక్టరో లారీయో ఎదురైతే పిల్ల జరిగేది నీటివైపే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2021లో నీట మునిగి ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది చనిపోయారు. వారిలో దాదాపు ఐదో వంతు 5–14 ఏళ్ల పిల్లలు. బడికి నడిచే వయసు అదే.

*రైలు పట్టాలు.* గంటకు 110 కి.మీ. వేగంతో వచ్చే రైలు సెకనుకు 30 మీటర్లు ముందుకొస్తుంది. దూరంగా చుక్కలా కనిపించే ఇంజను 600 మీటర్ల అవతల ఉంటే, పిల్లను చేరడానికి 20 సెకన్లు చాలు. రెండు లైన్లున్న చోట ఒక రైలు వెళ్లిపోగానే దాటబోయి రెండో లైను మీద వచ్చే రైలును గమనించకపోవడం పెద్దవాళ్లు కూడా చేసే పొరపాటు. గేటు లేనిచోట పట్టాలు దాటడం రైల్వే చట్టం ప్రకారం నేరం కూడా. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని గేటు దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొని పిల్లలు చనిపోయిన ఘటన మనకింకా గుర్తుంది. ఆ తర్వాత బ్రాడ్‌గేజ్ లైన్లలో కాపలా లేని గేట్లను తొలగించారు. దగ్గరదారి కోసం జనం పట్టాల మీదుగా చేసుకున్న కాలిబాటలు మాత్రం అలాగే ఉన్నాయి. పిల్లల దారిలో అలాంటి బాట ఉంటే ఆ దారిని లెక్కలోంచి తీసేయండి, చుట్టు తిరిగి వెళ్లే దారినే చూడండి.

*బుడమేరు, వాన నీళ్లు.* ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింది నుంచి సొరంగంలో దాటి కొల్లేరు వైపు సాగే బుడమేరు, 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో విజయవాడను ఎలా ముంచిందో చూశాం. సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే వానకు మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. కొండవాలు దారిలో వెళ్లే పిల్లల ఇళ్లలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వేగంగా పారే నీళ్లు అర అడుగు లోతున్నా పెద్ద మనిషిని పడగొట్టగలవు. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉందో, కాలువ అంచు ఎక్కడో ఎవరికీ తెలియదు. నీళ్లు పారుతున్నాయంటే ఆ రోజు ఒంటరి నడక లేదు. ఈ విషయంలో బేరం పనికిరాదు.

*పొలాల దారి.* గట్టు మీద, డొంకలో మోటారు బళ్లు తక్కువ. అక్కడి ప్రమాదాలు వేరు. తొలకరికి గడ్డి పెరిగాక పాములు, ఏపుగా పెరిగిన చేను మధ్య కనుచూపు మేరలో మనిషి లేకపోవడం, కోతల సమయంలో మిషన్లు, ట్రాక్టర్లు, రోడ్డు మీద సగం దాకా ఆరబోసిన ధాన్యం వల్ల బళ్లన్నీ ఒకే పక్కకు రావడం. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే మంచు పట్టిందంటే పది గజాల అవతల ఏముందో కనబడదు.

దారిని పరీక్షించడం ఎలా?

మ్యాపులో దూరం చూసి నిర్ణయించొద్దు. ఒకరోజు సెలవు పెట్టయినా సరే, పిల్ల నడిచే వేళకే పిల్లతో పాటు నడవండి. ఆదివారం పొద్దున్న నడిస్తే ఆదివారం రోడ్డు తెలుస్తుంది, సోమవారం రోడ్డు తెలియదు. సాయంత్రం బడి వదిలే వేళకు ఇంకోసారి నడవండి. వెళ్లేటప్పుడు లేని కొట్లు, బళ్లు, కుక్కలు వచ్చేటప్పుడు ఉండొచ్చు.

నడుస్తూ ఈ ఏడు విషయాలు రాసుకోండి.

1. ఎన్నిచోట్ల రోడ్డు దాటాలి? ప్రతిచోటా పిల్ల ఎత్తుకు వంగి చూస్తే బండి ఎంత దూరం నుంచి కనిపిస్తోంది?
2. ఫుట్‌పాత్ ఎంతమేర ఉంది? దాని మీద ఆక్రమణలు ఎక్కడున్నాయి, పిల్ల రోడ్డు మీదకు దిగాల్సింది ఎక్కడ?
3. నీళ్లు ఎక్కడున్నాయి? దారికి, నీటికి మధ్య గోడో రెయిలింగో ఉందా?
4. పట్టాలు దాటాలా? గేటు, అండర్‌పాస్, వంతెన... ఏది ఉంది? వానకు అండర్‌పాస్‌లో నీళ్లు నిలుస్తాయా?
5. మనిషి కంటికి కనబడని భాగం ఎంత? ఐదు నిమిషాల పాటు ఒక్క ఇల్లూ, ఒక్క కొట్టూ లేని చోటు ఉందా?
6. కుక్కల గుంపు ఎక్కడుంటుంది?
7. ఇబ్బంది వస్తే పిల్ల ఆగి సాయం అడగగలిగే చోట్లు ఏవి? కిరాణా కొట్టు, అంగన్‌వాడీ, గుడి, చర్చి, మందుల షాపు... కనీసం మూడు ఉన్నాయా?

ఇప్పుడు దారిని మూడు రంగుల్లో గుర్తించండి. పిల్ల సొంతంగా నడవగలిగింది పచ్చ. నేర్పితే నడవగలిగింది పసుపు. ఎంత నేర్పినా ఈ వయసుకు వద్దు అనుకున్నది ఎరుపు. తొమ్మిది వందల మీటర్లు పచ్చగా ఉండి, పది మీటర్లు ఎరుపు ఉన్నా ఆ పది మీటర్లదే తుది మాట. అలాగని ఎరుపు ఒక్కచోటే ఉంటే మొత్తం దారిని వదులుకోనక్కర్లేదు. ఆ ఒక్కచోటుకు ఏం చేయగలమో చూసుకుంటే చాలు.

పిల్లను సిద్ధం చేయడానికి ఎన్నాళ్లు?

ఒకరోజు చెబితే రాదు. నాలుగు వారాలు పెట్టుకోండి. మొదటి వారం మీరు ముందు నడుస్తూ, ఎక్కడ ఎందుకు ఆగుతున్నారో పైకి చెప్పండి. రెండో వారం పిల్ల మిమ్మల్ని తీసుకెళ్లాలి. ఎప్పుడు దాటాలో తనే చెప్పాలి, మీరు పక్కన ఉండి ఒప్పుకోవాలి. మూడో వారం ఇరవై అడుగులు వెనక నడవండి. నాలుగో వారం దారి మధ్యలో ఒకచోట, బడి గేటు దగ్గర ఒకచోట నిలబడి చూడండి. ఏ వారంలో తడబడినా ఆ వారాన్ని మళ్లీ చేయండి. అందులో నామోషీ లేదు.

నేర్పాల్సినవి తక్కువే. ఫుట్‌పాత్ లేనిచోట ఎదురుగా వచ్చే బండి కనబడేలా రోడ్డుకు కుడివైపు నడవాలి. ఆ వైపు కాలువ ఉంటే మాత్రం నీటికి దూరంగా ఉన్న వైపే. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి, ఆటో వెనక నుంచి దాటకూడదు. రోడ్డు అవతల స్నేహితులు పిలిచినా పరుగెత్తకూడదు. నీటిలో ఏది పడినా, చెప్పయినా సరే, దాని కోసం దిగకూడదు. ‘చెప్పు పోతే తిట్టను’ అని మీరు ముందే మాటివ్వండి. చాలాసార్లు పిల్ల నీటి దగ్గరకు వెళ్లేది ఆ తిట్టు భయంతోనే.

కుక్క ఎదురైతే పరుగెత్తకుండా, కళ్లలోకి చూడకుండా మెల్లగా తప్పుకోవాలి. కరిస్తే, గీరినా సరే, ఇంటికొచ్చి దాచకూడదు. సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదేరోజు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి టీకా వేయించాలి. పాము కాటైతే కట్టు కట్టడం, కోయడం లాంటివి చేయకుండా, కాలు కదపనివ్వకుండా 108కి ఫోన్ చేయాలి.

మనుషుల భయం సంగతేంటి?

తల్లిదండ్రుల్ని ఎక్కువగా భయపెట్టేది ఇదే. కొత్తవాళ్లు ఇచ్చిన చాక్లెట్ తీసుకోవద్దని అందరం చెబుతాం. కానీ జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో ఏటా కనబడే విషయం వేరు. పిల్లలపై లైంగిక దాడి కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు పిల్లలకు ఏదో విధంగా తెలిసినవారే. కాబట్టి ‘కొత్తవాళ్లతో మాట్లాడొద్దు’ అన్న ఒక్క మాట సరిపోదు. ‘తెలిసినవాళ్లు పిలిచినా, అమ్మ చెప్పకుండా బండెక్కొద్దు’ అని నేర్పాలి. ఇంట్లో ఒక రహస్య మాట పెట్టుకోండి. ‘మీ అమ్మ పంపింది’ అని ఎవరొచ్చినా ఆ మాట చెబితేనే వెంట వెళ్లాలి.

అమ్మా నాన్నల ఫోన్ నంబరు ఒకటి పిల్లకు కంఠతా రావాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసర నంబరు 112 కూడా. బడికి చేరిన వెంటనే తెలిసే ఏర్పాటు ఒకటి ఉండాలి. పిల్ల రాకపోతే గంటలోపు ఫోన్ చేయమని టీచరును ముందే అడగండి.

ఆడపిల్లల విషయంలో ఈ భయానికి ఇంకో మూల్యం ఉంటుంది. దారి బాగోలేదని మానిపించేది ముందు అమ్మాయిల చదువునే. బిహార్‌లో 2006లో మొదలైన పథకం కింద తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లిస్తే, ఉన్నత పాఠశాలల్లో ఆ వయసు అమ్మాయిల చేరికలు 32 శాతం పెరిగాయని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తల అధ్యయనం తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరుతో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లిచ్చారు. దారి సమస్యను దారి సమస్యగానే చూసి తీర్చాలి. దానికి పరిష్కారం చదువు మానిపించడం కాదు.

గుంపుగా పంపితే?

చాలా ఇళ్లకు సరిపోయే జవాబు ఇదే కావచ్చు. ఒక వీధిలో ఐదారుగురు పిల్లలుంటే, ఒక పెద్దమనిషి ముందు నడుస్తూ ఒక్కొక్క ఇంటి దగ్గర పిల్లల్ని కలుపుకుంటూ బడికి చేర్చడాన్ని ‘నడిచే స్కూల్ బస్సు’ అంటారు. ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ ఎంగ్విక్ట్ 1990ల మొదట్లో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. జపాన్‌లో చాలాచోట్ల ఒక పేటలోని పిల్లలు పెద్ద తరగతి పిల్లల వెంట వరుసగా నడిచి వెళ్తారు, కూడళ్ల దగ్గర పెద్దలు జెండాలు పట్టుకుని నిలబడతారు.

ఐదు కుటుంబాలు కలిస్తే ఒక్కొక్కరికి వారానికి ఒకటి రెండు రోజులే వంతు వస్తుంది. ఆటో ఖర్చుండదు. అయితే గుంపులో ఆరో తరగతి అన్నయ్య ఉన్నాడని పెద్దవాళ్లు తప్పుకోకూడదు. పన్నెండేళ్ల పిల్లవాడి మీద ఐదుగురి ప్రాణాల భారం పెట్టడం న్యాయం కాదు.

ఇంకో తప్పు దారి కూడా ఉంది. నడక వద్దని పద్నాలుగేళ్ల అన్న చేతికి స్కూటీ ఇచ్చి చెల్లిని ఎక్కించి పంపడం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది.

దారి బాగోలేకపోతే ఎవరిని అడగాలి?

ఎరుపు రంగు వేసిన చోటు ఎవరి పరిధిలో ఉందో ముందు తెలుసుకోండి. వీధి, ఫుట్‌పాత్, మ్యాన్‌హోల్, వీధి దీపం, కుక్కలైతే నగరపాలక సంస్థ. అందుకు వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వొచ్చు. కాలువ గట్టు, రెయిలింగ్ అయితే జలవనరుల శాఖ. పట్టాలు, అండర్‌పాస్ అయితే విజయవాడ రైల్వే డివిజన్. జాతీయ రహదారి, దాని సర్వీస్ రోడ్డు అయితే జాతీయ రహదారుల సంస్థ. ట్రాఫిక్ కానిస్టేబుల్ కావాలంటే పోలీసులు. ఎవరికివ్వాలో తేలకపోతే 1100కు ఫోన్ చేయొచ్చు, లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వొచ్చు.

ఒంటరి అర్జీ కంటే బడి తరఫున వెళ్లే అర్జీకి బలం ఎక్కువ. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. కమిటీలో తీర్మానం చేయించండి. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కుల గురించే కాకుండా దారి గురించి కూడా అడగండి. అర్జీలో మూడు విషయాలు తప్పక రాయండి: ఆ చోటు ఫొటో, రోజూ ఎంతమంది పిల్లలు అక్కడ దాటుతున్నారు, ఏ వేళలో.

బడి నిబంధనల దూరం కంటే ఎక్కువ ఉంటే రవాణా భత్యం అడగండి. సమగ్ర శిక్ష పథకంలో ఇలాంటి పిల్లలకు రవాణా లేదా తోడు మనిషి కోసం ఏడాదికి 6,000 రూపాయల వరకు ఇచ్చే వీలుంది. ప్రధానోపాధ్యాయులు లేదా మండల విద్యాశాఖాధికారిని కలవాలి. 2025 ఆగస్టు 15న మొదలైన ‘స్త్రీ శక్తి’ పథకంతో అమ్మాయిలు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఉచితంగా వెళ్లొచ్చు. బడి వేళకు బస్సు లేకపోతే డిపో మేనేజరుకు అర్జీ ఇవ్వండి.

అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. నడవడానికి వీలైన ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

‘సరే’ అన్నాక కూడా ‘వద్దు’ అనాల్సిన రోజులు

ఒకసారి పంపడం మొదలుపెడితే అదే అలవాటైపోతుంది. కొన్ని రోజులకు మాత్రం తోడు ఉండాల్సిందే. భారీ వాన హెచ్చరిక ఉన్న రోజు, కాలువలకు నీళ్లు వదిలిన మొదటి వారం, దట్టంగా మంచు పట్టిన ఉదయం, పొలాల దారైతే కోతల రోజులు. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాల రోజుల్లో లక్షల మంది భక్తులు వస్తారు, ట్రాఫిక్ మళ్లిస్తారు. పిల్లకు తెలిసిన దారి ఆ మూడు రోజులూ వేరే దారి అయిపోతుంది. పరీక్షలై మధ్యాహ్నమే బడి వదిలే రోజులను కూడా ఈ జాబితాలో చేర్చండి. ఎప్పుడూ నడిచే గుంపు ఆ వేళకు ఉండకపోవచ్చు.

ఇంతకీ ఆ పాపను పంపొచ్చా?

మొదట చెప్పుకున్న ఇంటికి మళ్లీ వద్దాం. ముప్పావు కిలోమీటరు దారి. ఇంటి నుంచి కాలువ వంతెన దాకా పెద్ద రోడ్డు ఉంది, అక్కడ బళ్లు ఆగవు. అది ఎరుపు. వంతెన దాటాక బడి గేటు వరకు సందులే, ప్రతి పది ఇళ్లకు తెలిసిన మొహాలే. అది పచ్చ.

అమ్మ పాపను వంతెన దాటించి, అటు నుంచి తన పనికి వెళ్లొచ్చు. మిగతా నాలుగు వందల మీటర్లు పాప సొంతంగా నడుస్తుంది. సాయంత్రం పక్కింటి ఆంటీ వంతెన దగ్గర నిలబడుతుంది. రెండేళ్ల తర్వాత పాప ఎత్తు, చూపు పెరిగాక ఆ ఎరుపును మళ్లీ పరీక్షించొచ్చు. ఈలోపు అక్కడ ఒక స్పీడ్ బ్రేకరు, పొద్దున, సాయంత్రం ఒక కానిస్టేబుల్ కావాలని బడి కమిటీ అర్జీ పెడుతుంది.

పంపాలా వద్దా అన్న ప్రశ్నకు ‘అవును’, ‘కాదు’ అనే రెండు జవాబులే ఉండవు. ‘ఎక్కడి నుంచి ఎక్కడి దాకా’ అన్నదే సరైన జవాబు. రేపు పొద్దున బడి వేళకు ఒకసారి మీ పిల్ల చేయి పట్టుకుని ఆ దారిలో నడిచి చూడండి. ఎక్కడ చేయి వదలొచ్చో, ఎక్కడ గట్టిగా పట్టుకోవాలో ఆ నడకలోనే తెలుస్తుంది.